పదకొండు పాయింట్ ఆరు

జోగయ్య నోరు తెరిచాడంటే గద్వాల బస్టాండులో కదిలిన బస్సు కూడా ఇంజను ఆపుకుని వింటుందని జనం చెప్పుకుంటారు. ఆ జనం ఎవరని ఆరా తీస్తే చివరికి జోగయ్య ఒక్కడే తేలతాడు.

పుట్టింది రంగులద్దే ఇంట్లో. తండ్రి చీరల నూలుకూ పట్టుకూ రంగులు వేసేవాడు. పదేళ్లు వచ్చేవరకు జోగయ్య మోచేతులు ఒక పండక్కి ఎర్రగా, ఇంకో పండక్కి నీలంగా ఉండేవి. ఇంటర్‌లో ఫిజిక్సు అతన్ని మూడుసార్లు మట్టి కరిపించింది. "దాన్ని మూడుసార్లు క్షమించి ఇడిసిపెట్టిన" అని మాత్రం తనే చెప్పుకుంటాడు. ఆ తర్వాత ఎవరో చెబితే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, గద్వాలకు ఆటో దూరంలో ఉన్న ఒక సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద చేరాడు. పందొమ్మిదేళ్లయింది. కాంట్రాక్టు పర్మినెంటు కాలేదు కానీ అతని కోతలు ఎప్పుడో పర్మినెంటు అయిపోయాయి.

ఒకసారి మలేరియా క్యాంపుకని మన్ననూరు అడవికి పోయాడట. పులి వచ్చి వరసలో నిలబడి ముందుకాలు చాపిందట. సూది గుచ్చి చుక్క తీసి చూస్తే హిమోగ్లోబిన్ పద్నాలుగు. "గంత రక్తం పెట్టుకొని మందిమీద ఎందుకు పడతవే సిగ్గులేకుంట" అని తిడితే పులి తల దించుకుని పోయిందట. ఫారెస్టువాళ్లు అడిగితే రిపోర్టు కూడా ఇచ్చాడట. జోగయ్య మాటలో ముప్పావలా తీసేసి పావలా నమ్మాలని దవాఖానలో నర్సుల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ తెలుసు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మాటలు ఎన్ని కోసినా, చీటీ మీద వేసే అంకెను మాత్రం జోగయ్య ఒక్క చుక్క కూడా పెంచలేదు, తగ్గించలేదు.

ఆ అంకె సంగతి కొంచెం చెప్పాలి. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఎరుపు ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క. ఆడవాళ్లకు పన్నెండు ఉండాలని పుస్తకం అంటుంది. ఆ పుస్తకం రాసినాయన ఈ మెట్టపొలాల వైపు ఎన్నడూ వచ్చినట్టు లేదు. ఇక్కడ కూలికి పోయే ఆడవాళ్లలో ఎనిమిది, తొమ్మిది ఉంటే బాగున్నట్టే. పది దాటితే జోగయ్య లేచి నిలబడి చీటీ ఇచ్చేవాడు.

వనజకు మొదటిసారి చూసినప్పుడు ఆరు పాయింట్ రెండు.

ఆమెది కాలువ అవతలి ఊరు. పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనికి పోతుంది. సాయంత్రం మొగ్గలు విప్పడం, పొద్దున మగపువ్వు పుప్పొడి తెచ్చి ఆడపువ్వుకు అద్దడం. ఇద్దరు పిల్లలు. ఇక చాలని ఆపరేషన్‌కు వస్తే, రక్తం పది దాటందే కత్తి ముట్టనని అప్పటి డాక్టరమ్మ తిప్పి పంపింది.

"ఆరు పాయింట్ రెండు" అన్నాడు జోగయ్య చీటీ చూపిస్తూ. "నిన్ను కుట్టిన దోమ ఉపాసమే ఉంటది తల్లీ."

"నీ దగ్గర మస్తుంటె జర పొయ్యి జోగన్నా. ఉత్త మాటలెందుకు?"

"నా రక్తం పోస్తె నువ్వు గూడ కోతలు కోస్తవ్. మీ ఇంటాయన వెంకటన్న తట్టుకోడు."

"ఆయన నన్నే తట్టుకుంటుండు, నీ రక్తం ఒక లెక్కనా!"

అట్లా మొదలైంది. నెలకోసారి వచ్చేది. ఐరన్ గోలీలు మింగలేక కక్కుకుంటే, మజ్జిగ తాగే వేళకు కాకుండా నిమ్మరసంతో మింగమని జోగయ్యే చెప్పాడు. అత్త జంగమ్మ మునగాకు తెంపుకొచ్చి రోజూ వండి పెట్టేదట. ఏడు పాయింట్ ఒకటి. ఎనిమిది పాయింట్ మూడు. తొమ్మిదిన్నర. ఎనిమిదో నెలకు పది పాయింట్ తొమ్మిది. ఆ రోజు జోగయ్య చీటీని రెండు చేతులతో పట్టుకుని, పెళ్లిపత్రిక ఇచ్చినట్టు ఇచ్చాడు. క్రాసింగు సీజను అయిపోగానే ఆపరేషన్ అని తేదీ కూడా రాసి ఇచ్చారు.

ఆ సీజను నడుమనే వనజ వాళ్లు పనికి పోయే ఆటో బోల్తా పడింది.

పొద్దున ఆరున్నర. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో పద్నాలుగు మంది. కాలువ మలుపు దగ్గర ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి గట్టు మీంచి పల్లానికి దొర్లింది. ఏడు గంటలకల్లా దవాఖాన వరండా ఏడుపులతో నిండిపోయింది. ఒకామెకు చెయ్యి విరిగి ఎముక కనపడుతోంది. ఎంకమ్మ అనే ముసలామెకు తల పగిలి కొంగంతా నెత్తురు. ఇంకొకామె తన చెప్పులు కాలువలో పోయాయని ఏడుస్తోంది. ఏడవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

డ్యూటీలో ఉన్నది సింధూజ అనే కుర్ర డాక్టరు ఒక్కతే. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. "అందరి రక్తం తీయండి జోగయ్య గారూ" అని అరిచి ఎంకమ్మ దగ్గరికి పరుగెత్తింది.

వనజ గోడవారన బల్ల మీద కూర్చుని ఉంది. మోచేతి మీద చిన్న గీత. ఆటో ఇనుపకడ్డీ ఎడమ డొక్కలో కొట్టిందని చెప్పింది. బీపీ నూటపది. నాడి కొంచెం తొందరగా ఉంది. దెబ్బ తగిలిన వాళ్లకు ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది నర్సు.

"బుజం గుంజుతుందన్నా. దెబ్బ డొక్కల తగిలితె బుజమెందుకు గుంజుతది?" అంది వనజ.

"డొక్కకు బుజం సుట్టం. పలకరియ్యనీకి పోయింటది" అన్నాడు జోగయ్య, సూది గుచ్చుతూ.

గోడ గడియారంలో ఇంకా ఏడుంబావే. మిషన్ అంకె చూపించింది: పదకొండు పాయింట్ ఆరు. జోగయ్యకు అది అంకె కాదు. ఎనిమిది నెలలు మేపిన లేగదూడ. చీటీ చేత పట్టుకుని వరండాలోకి వచ్చి, అంతమంది ఏడుపు మధ్యలో గొంతెత్తాడు.

"పదకొండు పాయింట్ ఆరు! సూడుండ్రమ్మా, గిది నేను పెంచిన రక్తం! వనజకు ఏం కాలే. ఆటోకే దెబ్బ తగిలిందేమో పోయి అడుగుండ్రి!"

ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వనజ డొక్క పట్టుకుని నవ్వింది. సింధూజ అటు తల తిప్పింది, విన్నది, మళ్లీ ఎంకమ్మ తల మీదికి వంగింది. ఆ మాటతో ఎవరూ ఏ ఆర్డరూ వేయలేదు. కానీ అందరూ దాన్ని ఆర్డరులాగే తీసుకున్నారు. వనజకు ఒక సెలైను పెట్టి బల్ల మీదే పడుకోబెట్టారు. ఉన్న ఒక్క అంబులెన్సు ఎంకమ్మను ఎక్కించుకుని మహబూబ్‌నగర్ దారి పట్టింది.

ఎనిమిది కావస్తుండగా జోగయ్య చాయ్ కోసం బయటికి పోతూ బల్ల దగ్గర ఆగాడు. సెలైను బాటిలు ఖాళీ అయింది. వనజ ఆవలించింది. మళ్లీ ఆవలించింది.

"దూప అయితుందన్నా. ఇన్ని నీళ్లియ్యి."

"ఏంది, కన్ను మూతపడ్తుంది? రాత్రంత వెంకటన్నతోటి పంచాయితా?"

ఆమె తిరిగి ఏమీ అనలేదు. ఎనిమిది నెలల్లో అతని మాటకు ఆమె నుంచి జవాబు రాకపోవడం అదే మొదలు. జోగయ్య చెయ్యి పట్టుకుని చూశాడు. ఆగస్టు ఉక్కపోతలో ఆ చెయ్యి కుండలో నీళ్లలా చల్లగా ఉంది. నుదుటి మీద చెమట. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు వెలిసిపోయి ఉంది.

చీటీ లేదు, డాక్టరు చెప్పలేదు. అయినా సూది తెచ్చాడు. సెలైను ఎక్కిన చెయ్యి వదిలి రెండో చేతిలోంచి రక్తం తీశాడు. మిషన్ ఎనిమిది పాయింట్ నాలుగు చూపించింది.

జోగయ్య మళ్లీ పెట్టి చూశాడు. మళ్లీ ఎనిమిది పాయింట్ నాలుగు. యాభై నిమిషాల్లో మూడు పాయింట్లు ఎక్కడికి పోతాయి? బయట ఒక్క చుక్క కారలేదు. అంటే లోపల కారుతోంది.

సింధూజ విరిగిన చేతికి కట్టు కడుతోంది. పక్కన ఆఫీసు సూపరింటెండెంటు రాఘవేందర్, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు.

"మేడం, వనజకు కడుపుల నెత్తురు కారుతుంది. పదకొండు పాయింట్ ఆరు ఎనిమిది పాయింట్ నాలుగు అయింది."

సింధూజ కట్టు ఆపలేదు. "మొదటిది తప్పు పడి ఉంటది జోగయ్య గారూ. క్రాసింగుకు పోయే ఆమెకు పదకొండున్నర ఎక్కడిది? పొద్దున్నుంచి చూసినవాళ్లలో ఒక్కరికి తొమ్మిది దాటిందా? ఎనిమిదే ఆమెది."

"కాదు మేడం. ఆమెకు పోయిన నెలలనే పది పాయింట్ తొమ్మిది ఉండె. నేనే చూసిన."

"పులికి గూడ నువ్వే చూసినవ్ గద" అన్నాడు రాఘవేందర్ తల ఎత్తకుండా. "దానికెంతుండె, పద్నాలుగా?"

కట్టుకు దూది అందిస్తున్న నర్సు నవ్వింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి జోగయ్య కోత కోయలేదు. అతని నోట వచ్చిన మాట సైన్సులోంచీ రాలేదు.

"మేడం, మాది రంగులోళ్ల ఇల్లు. తొట్టిల సగం రంగు పారబోస్తె మిగిలిన రంగు పల్సనైతదా? కాదు. గట్లనే చిక్కగుంటది. నీళ్లు కలిపినంకనే పల్సనైతది. పొద్దున నేను చూసింది రంగు చిక్కదనం. తొట్టిల ఎంతుందో చూడలే. గిప్పుడు మనం సెలైను పోసినం, ఒంట్లె నీళ్లు గూడ వచ్చి కలిసినయ్. గందుకే బయటపడ్డది. దండం పెడత, జర చూడు మేడం."

సింధూజ చేతులు ఆగాయి. ఆమె చదువుకున్నదీ అదే. అప్పుడే దెబ్బ తగిలినవాడి రక్తంలో మొదటి అంకెను నమ్మవద్దని పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకుంది. పద్నాలుగు మంది ఏడుస్తున్న వరండాలో అది గుర్తుకు రాలేదు. కానీ ఇప్పుడు కూడా ఆమె ముందు నిలబడి ఉన్నది పులికథ చెప్పే జోగయ్యే.

"రెండు ట్యూబులూ నా ముందు పెట్టి చూపించండి" అంది.

అదే సమయానికి కరెంటు పోయింది. మళ్లీ వచ్చి, మిషన్ కడుక్కుని, సిద్ధమయ్యేసరికి పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలు జోగయ్య ఆ మిషన్ ముందు నిలబడ్డాడు. ఎన్ని కథలు చెప్పాడో అన్నీ వరసగా వచ్చి అతని ముందు నిలబడ్డాయి. చివరికి పొద్దుటి ట్యూబు: పదకొండు పాయింట్ ఆరు. రెండోది: ఎనిమిది పాయింట్ నాలుగు. ట్యూబుల మీద పేరు, టైము అతని చేతిరాతే.

సింధూజ వనజ దగ్గరికి పరుగెత్తింది. కడుపు నొక్కితే బండలా ఉంది. బీపీ ఎనభై. స్కానింగు డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడు, ఆ రోజు అందులో లేదు. మూడోసారి తీసిన రక్తం ఆరు పాయింట్ తొమ్మిది. అంబులెన్సు అప్పటికి మహబూబ్‌నగర్ దారిలో అడ్డాకుల దాటింది.

విత్తనాల ఏజెంటు జీపు ఒకటి గేటు దగ్గర ఉంటే దాన్నే పట్టుకున్నారు. దవాఖానలో ఆమె గ్రూపు రక్తం ఒక్క ప్యాకెట్టే ఉంది. జోగయ్య దాన్ని ఆమె రక్తంతో కలిపి, సరిపడుతుందో చూసి, పెట్టించి, చేత్తో పైకెత్తి పట్టుకుని జీపెక్కాడు. అప్పుడే చేరుకున్న వెంకటన్న భార్య తలను ఒళ్లో పెట్టుకున్నాడు. వనపర్తి పోవాలి. అక్కడ కడుపు కోసి చూసే డాక్టర్లున్నారు.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి కొట్టినప్పుడు వనజ కళ్లు తెరిచింది.

"గిప్పుడెంతన్నా?"

జోగయ్య చేతిలో ప్యాకెట్టు సగం అయింది. "పది దాటింది తల్లీ. వనపర్తి పోయేసరికి పన్నెండు" అన్నాడు.

"కోతలు" అంది వనజ. పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో నొప్పో తెలియలేదు.

పెబ్బేరు దాటాక వెంకటన్న రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. మూడోసారి పిలవలేదు. వనపర్తి ఊరు కనపడుతుండగా జోగయ్య వేళ్ల కింద నాడి ఆగింది. చెయ్యి దించాలని అతనికి తోచలేదు. దవాఖాన గేటు దాకా ప్యాకెట్టును అట్లాగే పైకి పట్టుకుని ఉన్నాడు.

పోస్టుమార్టం చేసిన డాక్టరు బయటికి వచ్చి, ఎడమ పక్క పక్కటెముకల కింద ప్లీహం పగిలిందని, కడుపు నిండా నెత్తురే ఉందని చెప్పాడు. "దాని నొప్పే భుజంలోకి వస్తది. పెద్ద ఆసుపత్రుల్లో ల్యాక్టేటు అని ఇంకో రక్తపరీక్ష ఉంటుంది. ఒంటికి నెత్తురు అందడం లేదని ముందే చెప్తది. మీ దగ్గరుందా?"

"లేదు సార్."

"లేనప్పుడు పావుగంటకోసారి, అరగంటకోసారి మళ్లీ మళ్లీ తీసి చూడాలి. ఒక్క అంకె ఏం చెప్పదు."

జోగయ్య తల ఊపాడు. ఆ ఒక్క అంకెను వరండాలో చాటింపు వేసింది ఎవరో ఆ డాక్టరు అడగలేదు.

మూడోరోజు రాఘవేందర్ పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. వనజ వచ్చేనాటికే రక్తహీనత తీవ్రంగా ఉందని, మొదటి రీడింగు మిషన్ లోపమని అందులో ఉంది.

"సంతకం పెట్టు. పైనుంచి అడిగిన్రు, జవాబియ్యాలె. పదకొండున్నర ఉన్నామె రెండు మూడు గంటలల ఎట్ల పోయిందంటె అందరం ఇరుక్కుంటం. నువ్వు ముందుగాల ఇరుక్కుంటవ్, వరండాల ఒర్లింది నువ్వే. డాక్టరమ్మ పెట్టింది సూడు."

నిజంగానే సింధూజ సంతకం ఉంది. చిన్నగా, ఎవరికీ కనపడకూడదన్నట్టు, ఒక మూలకు.

"రేపు పెడత సార్" అన్నాడు జోగయ్య.

"నీకేం పోతది? నువ్వు చెప్పింది ఎన్నడన్న ఎవలన్న నమ్మిన్రా, గిప్పుడు కొత్తగ నమ్మకపోనీకి!"

రేపు అయింది. ఎల్లుండి అయింది. ల్యాబులో కథలు లేవు. ఊడ్చే మనిషి రెండుసార్లు తొంగిచూసి, పాణం బాగలేదా అని అడిగి పోయింది. కాగితం సొరుగులో ఉంది. పెడితే ఉద్యోగం ఉంటుంది, తన అరుపు మాసిపోతుంది. పెట్టడమే తెలివి. పెన్ను మూత తీసేవాడు, మళ్లీ పెట్టేవాడు.

అయిదోరోజు మధ్యాహ్నం జంగమ్మ వచ్చింది. ల్యాబు గడప మీద కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వేనా జోగయ్య?"

"నేనే అవ్వా."

"మా కోడలికి రక్తమే లేకుండెనట గద. ఆఫీసుల చెప్పిన్రు. ఊరంత తెలిసింది. అత్త కడుపు ఎండబెట్టి సంపిందంటున్నరు. వాళ్ల అన్నదమ్ములు మా ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టకుంట పోయిన్రు." ఆమె ఏడవడం లేదు, లెక్క చెబుతున్నట్టు చెబుతోంది. "రోజు మునగాకు వండిన నాయనా. నేను తినక ఆమెకు పెట్టిన. ఒంటికి పట్టలేదా? నిజం చెప్పు. నీకు తెలుస్తదని మా వనజ అంటుండె."

జోగయ్య సొరుగు వైపు చూడలేదు. వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పట్టింది అవ్వా. ఆరు నుంచి పదకొండు పాయింట్ ఆరుకు వచ్చింది. మన దిక్కు గంత రక్తం ఎవరికి లేదు. నువ్వు పెట్టిన తిండి ఎటు పోలే. దెబ్బకు లోపల పగిలి కారిపోయింది. కారుతుంటె మేం చూడలే."

"డాక్టరమ్మ చూడలేదా?"

"నేను చూడనియ్యలే. మొదటిసారి అంకె చూసి, ఈమెకు ఏం కాలేదని వరండాల ఒర్లిన. అందరు నవ్విన్రు. అంబులెన్సు ఇంకొకామెను తీస్కపోయింది. మళ్ల రక్తం తీసేసరికి గంట దగ్గరపడ్డది. తీసినంక చెప్తే నన్ను నమ్మలే. నమ్మేటట్టు నేనెన్నడు బతకలే."

జంగమ్మ గడప చెక్క మీద వేలితో ఏదో గీస్తూ కూర్చుంది.

"నువ్వేదో అంటె మా వనజ నవ్విందని ఆటోల ఉన్న ఆడోళ్లు చెప్పిన్రు. పోయే పొద్దు గూడ నవ్వింది గద అనుకున్న. గా ఒక్కటే మంచిగ అనిపిచ్చింది నాకు." తల ఎత్తి చూసింది. "గిప్పుడు గది గూడ లేకుంట చేసినవ్."

జోగయ్య నేల మీద నుంచి కదలలేదు.

"లే" అంది జంగమ్మ, గోడ పట్టుకుని తనే ముందు లేస్తూ. "గా ఆఫీసాయన ముందల గిదే చెప్పు. మా ఇంట్ల ఆకలితోటి సావలేదని కాయిదం మీద రాయాలె. నీకేమైతదో నాకు తెల్వదు."

"ఏమైతే అయితది" అన్నాడు జోగయ్య.

సొరుగులోంచి కాగితం తీసుకున్నాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. రిజిస్టరు కూడా చంకలో పెట్టుకుని, ముసలామె నడకకు సరిపడా నెమ్మదిగా వరండా దాటి ఆఫీసు గదికి వచ్చాడు. సింధూజ కూడా అక్కడే ఉంది. వాళ్లిద్దరినీ చూసి కుర్చీలోంచి సగం లేచింది.

"ఏం జోగయ్యా, సంతకమేనా?" అన్నాడు రాఘవేందర్.

జోగయ్య ఒక కుర్చీ లాగి జంగమ్మను కూర్చోబెట్టాడు. రిజిస్టరు తెరిచి బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టాడు. తను నిలబడే ఉన్నాడు.

"పొద్దున ఏడుంబావుకు మొదటి రక్తం తీసిన సార్" అని మొదలుపెట్టాడు.